తవుడిచ్చి కొన్న పాప

పాపకు ఏం పేరు పెట్టాలన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. పుట్టి మూడు వారాలు కావస్తున్నా పాపను "పాప" అనే పిలుస్తున్నారు. దవాఖానలో కాలికి కట్టిన పట్టీ మీద కూడా "సుహాసిని పాప" అనే ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు "పేరేం అనుకున్నరు బిడ్డా?" అని అడిగితే సుహాసిని పాలు పట్టే సాకుతో గోడవైపు తిరిగిపోయేది.

పేర్లంటే ఆమెకు ఒకప్పుడు ఎంతో ఇష్టం. కొత్తకోటలో పుట్టి పెరిగింది. పెళ్లికి ముందు అక్కడే ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పింది. కొత్తగా చేరిన పిల్లలకు వాళ్ల పేర్లకు అర్థాలు చెప్పి మురిపించేది. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఫోన్‌లో పేర్లు వెతకడమే పనిగా పెట్టుకుంది. బాబు పుడితే ఆయుష్ అనుకుంది, నిండు ఆయుష్షుతో ఉండాలని. ఆయుష్ మూడో దినం పోయాడు. రెండో కాన్పులో పాప. అక్షయ అని పెట్టుకుంది. తరుగు లేనిది, నాశనం లేనిది అని. తొట్టెల వేయాల్సిన వారంలోనే ఆ పాపా పోయింది.

రెండుసార్లూ నెలలు నిండకముందే కాన్పు కావడం వల్ల, బరువు తక్కువ కావడం వల్ల అలా జరిగిందని డాక్టర్లు చెప్పారు. వాడకట్టులో మాత్రం వేరే మాట నడిచింది. "కడుపుల ఉండంగనే గంత పెద్ద పేర్లు పెట్టి పిలుస్తె, తీస్కపోయేటోడు ఇనడా?" అన్నారు. సుహాసిని ఆ మాట నమ్మలేదు. నమ్మలేదు గానీ, మూడోసారి నెల తప్పాక ఫోన్‌లో పేర్లు వెతకలేదు.

ఆమె అత్తగారి ఊరు గోపాల్‌పేటకు దగ్గరే. అక్కడ పాత పేర్లన్నిటి వెనకా ఒక మొక్కో, ఒక భయమో ఉంటుంది. ఆమె మామ కురుమయ్య, కురుమూర్తి స్వామికి మొక్కుకుంటే పుట్టాడట. ఆయన పోయి చాలా ఏండ్లైంది. ఆటో నడిపే ఈదన్నకు ఈదమ్మ తల్లి పేరు. సుహాసిని మొగుడు మహిపాల్ పేరు మాత్రం ఎవరూ మొక్కి పెట్టింది కాదు. తనకు తనే పెట్టుకున్నాడు.

అతని అసలు పేరు పెంటయ్య. అతనికి ముందు పుట్టిన పిల్లలంతా పురిట్లోనే పోతే, వాళ్లమ్మ భాగ్యమ్మ ఈ పిల్లాణ్ని చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలిపెట్టింది. ఇంకొకామె దొరికిన పిల్లాడిలా ఎత్తుకుపోతే, దోసెడు తవుడు పోసి కొనుక్కొచ్చుకుంది. పెంట మీద పారేసిన పిల్లాడు, తవుడు ఖరీదు చేసేవాడు, మృత్యువుకు కూడా అక్కరకు రాడని ఆ ఆచారం. పిల్లాడు బతికాడు. బడిలో హాజరు పిలిచినప్పుడు మాత్రం పక్కవాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. పదో తరగతి పరీక్షలకు ముందు హెడ్మాస్టర్‌ను బతిమాలి మహిపాల్ అని రాయించుకున్నాడు. మహి అంటే భూమి, భూమిని ఏలేవాడు. ఇప్పుడు కొత్తకోట హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. అక్కడ అందరికీ మహిపాలన్న. ఇంటికొస్తే తల్లికి మాత్రం పెంటయ్యే. నలుగురి ముందు కూడా అలాగే పిలిచేది. అతను పళ్లు కొరుక్కుంటూ వినేవాడు.

తొట్టెల వేసి పేరు పెట్టాల్సిన ఇరవై ఒకటో దినానికి ముందు రోజు పొద్దున, మహిపాల్ బండి తీస్తుండగా భాగ్యమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"పెంటయ్యా, రేపు దినం. నేను జెప్పిన మాట ఏం జేసినవ్?"

"ఏ మాట?"

"నీకు తెల్వదా? నీకెట్ల జేసిన్నో గట్లనే జేస్త. పెంటమ్మ అని పిలుద్దం. పెద్దగయినంక కావాలంటె నీ లెక్క మార్చుకుంటది."

మహిపాల్ బండి స్టాండు వేసి దిగాడు. గదిలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సుహాసినికి అతని గొంతు మెల్లగా, గట్టిగా వినిపించింది.

"అమ్మా, ఒక్కసారే జెప్త. నా బిడ్డను పెంట మీద పెట్టిననాడు నీకు కొడుకు లేడనుకో. ఐసీయూల గన్ని దినాలు పెట్టి బతికిచ్చుకున్నం. నెలలు నిండని పిల్ల, పిడికెడంత ఉన్నది. చలికి బయటి గాలి తాకకుంట సూస్తున్నం. నువ్వేమో పెంట అంటవు."

"నిన్ను బతికిచ్చింది గదే."

"నన్ను సంపింది గూడ గదే." అని బండెక్కి పోయాడు.

భాగ్యమ్మ లోపలికొచ్చి పాప కాళ్లు తడిమి చూసింది. సుహాసిని అత్త ముఖం చూడలేకపోయింది. రెండుసార్లూ ఆ చిన్న శరీరాలను గుడ్డలో చుట్టి చేనిగట్టుకు మోసుకుపోయింది ఈ చేతులే.

ఆ రోజంతా పాప సరిగా పాలు తాగలేదు. తాగినవి కూడా సాయంత్రానికి కక్కింది. మహిపాల్ వచ్చాక చెబితే, "డాక్టరమ్మ చెప్పింది గద, జర్ర జర్ర పట్టుమన్నది. పరేషాన్ కాకు" అన్నాడు. కానీ పాప ఊపిరి వినడానికి అతను వంగి చెవి పెట్టడం ఆమె చూసింది. అక్షయకు కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. ముందు పాలు తగ్గాయి. తరువాత కక్కుకుంది.

తెల్లవారి మహిపాల్ షెడ్డుకు వెళ్లాడు. బెంగళూరు పోయే లారీ ఒకటి దారిలో ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. "ఈ పూట ఫంక్షన్ గింక్షన్ ఏం వద్దు. పాప జర బలం పట్టినంక చేద్దం" అని చెప్పి పోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా సుహాసిని ఆగింది. తరువాత లేచి, వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చున్న అత్త ముందు నిలబడింది.

"అత్తమ్మా, చేద్దం."

భాగ్యమ్మ తలెత్తింది. "ఏంది?"

"ఆయన వచ్చెలోపల. ఆయనకు జెప్పొద్దు."

"నువ్వు సదువుకున్నదానివి. తర్వాత నన్నంటె?"

"నిన్నేమనను. నేనే అడిగిన్ననుకో."

అర్థాలున్న పేర్లు రెండు పెట్టి చూసింది. ఇక అర్థం లేకపోయినా సరే, పాప ఉంటే చాలు. పెంటమ్మ అయినా సరే, ఏదైనా సరే.

పెంట మీద నుంచి ఎత్తుకోవడానికి భాగ్యమ్మ పక్కింటి సుభద్రమ్మను పిలిచింది. సుభద్రమ్మది రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డ ప్రాంతం. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చింది. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఊళ్లో ఎవరింట్లో తొట్టెల వేసినా ఆమెను ముందుకు పిలవరు, ఆమె కూడా పోదు. భాగ్యమ్మ ఆమెనే ఎందుకు పిలిచిందంటే, మహిపాల్‌కు చెప్పకుండా నోరు కట్టుకోగల మనిషి ఆ వాడకట్టులో ఆమె ఒక్కతే.

"నేనా?" అంది సుభద్రమ్మ. "నా చేతులతోనా? మంచిగ ఆలోచన చెయ్యక్కా."

"నీ చేతులకేమైంది? పల్లి చేన్ల నా పక్కన గింత కాలం పనిచేసిన చేతులే గద. రా."

పాపకు గోరువెచ్చని నీళ్లు పోశారు. పాత గుడ్డలో చుట్టారు, ఎందుకంటే కొత్త బట్ట ఉండకూడదు. చేటలో పడుకోబెట్టి భాగ్యమ్మ కొట్టం వెనక్కి నడిచింది. బయట చలిగాలి కోస్తున్నట్టుంది. పెంటకుప్ప మీద మంచు ఇంకా ఆరలేదు. చేట దించి, "పో. ఎనకకు సూడకు" అంది కోడలితో.

సుహాసిని వెనక్కి తిరిగి నడిచింది. పాప ఏడ్చింది. చాలా చిన్న ఏడుపు. నడుస్తున్నంతసేపూ ఆమె తన పైటకొంగును పిడికిట్లో నలిపింది. వెనక సుభద్రమ్మ గొంతు వినిపించింది, చెప్పమన్న మాటే చెబుతోంది. "ఎవరిదో పిల్ల పెంట మీద ఏడుస్తున్నది. దొరికింది. నాకు దొరికింది." ఆ గొంతు ఆ మాటకు అలవాటు పడలేదు, మధ్యలో తడబడింది.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా పాప దొరికినామె దగ్గరే ఉండాలి. కన్నతల్లి చూడకూడదు. తరువాత తవుడు పోసి కొనుక్కోవాలి. సుహాసిని గడపలో కూర్చుంది. రెండిండ్ల మధ్య సన్నటి సందు ఒకటే. అవతల పాప ఏడవడం వినిపిస్తోంది. ఆమెకు పాలు చేపుకొచ్చి రవిక తడిసింది.

"ఆకలైతున్నది దానికి."

"సుభద్ర మేకపాలు కాచి పెట్టుకున్నది. ఉగ్గుగిన్నెతోని పోస్తది. నువ్వు గమ్మున కూసో."

కొంతసేపటికి ఏడుపు తగ్గింది. ఇంకాసేపటికి పూర్తిగా ఆగింది.

"పండుకున్నది" అంది భాగ్యమ్మ.

సుహాసిని చెవులు రిక్కించింది. ఎక్కడో కోళ్లు అరుస్తున్నాయి. అవతలింట్లో సుభద్రమ్మ ఏదో మెల్లగా అంటోంది, అన్నదే మళ్లీ అంటోంది. జోలపాట కాదు అది. బతిమాలుతున్నట్టుంది.

సుహాసిని లేచింది.

"యాడికి?" భాగ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "పొద్దెక్కలే ఇంకా. చేసిందంత మట్టిపాలైతది. కూసో బిడ్డా, నీ కాల్మొక్త కూసో."

సుహాసిని చెయ్యి విడిపించుకుని సందు దాటింది. ఆపరేషన్ కాన్పుతో కడుపు మీద పడిన కుట్లు చురుక్కుమన్నాయి. ఆగలేదు.

సుభద్రమ్మ పొయ్యి ముందు పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పాప బుగ్గ మీద నుంచి పాలు కారి మెడ తడిసింది. సుహాసినిని చూడగానే సుభద్రమ్మ ఏడుపు అందుకుంది. "మింగుతలేదు బిడ్డా. ఇందాక మింగింది, ఇప్పుడు మింగుతలేదు. పిలవాలంటె మాట పడిపోయింది నాకు. పొద్దెక్కకముందు పిలిస్తె తప్పంటరని..."

పాప పాదాలు ముట్టుకుంది సుహాసిని. నీళ్లలో నానిన రాళ్లలా ఉన్నాయి. పెదాల చుట్టూ బూడిద రంగు. ఏడవడం లేదు, కళ్లు తెరవడం లేదు. ఊపిరి ఉంది, ఆగి ఆగి ఆడుతోంది.

ఐసీయూలో సిస్టర్ చెప్పిన మాట ఒక్కటే ఆమెకు గుర్తుంది. పాప చల్లబడితే నీ ఒంటికి పెట్టుకో. రవిక విప్పి, తడిసిన గుడ్డ తీసేసి, పాపను గుండెకు అదుముకుంది. "చద్దరు కప్పు! ఈదన్నను పిలువు, ఆటో!" అని అరిచింది. సుభద్రమ్మ తన మీది చద్దరు కప్పి వీధిలోకి పరుగెత్తింది.

గడపలో భాగ్యమ్మ ఎదురొచ్చింది. "కొనకుండ తీస్కపోకు! కొనకుండ తీస్కపోకే!" ఆమె ముఖం పాలిపోయింది. ఇంట్లోకి పరుగెత్తి, కొంగులో తవుడు పోసుకుని వచ్చి, ఆటో ఎక్కి కూర్చున్న సుభద్రమ్మ ఒళ్లో కుమ్మరించి, తనూ ఎక్కింది. దారంతా ఆటోలో తవుడు రాలుతూనే ఉంది.

గోపాల్‌పేట దాటాక సుహాసిని ఫోన్ తీసింది. మహిపాల్ పేరు మీద వేలు పెట్టి ఆగింది. ఫోన్ చేస్తే చెప్పాలి. చెప్పకుండా ఉండటానికి లేదు. చద్దరు కింద పాప గుండె తన గుండె మీద కొట్టుకుంటోందో లేదో తెలియడం లేదు, ఆటో కుదుపే అంతా కలిపేస్తోంది. ఫోన్ చేసింది.

"వనపర్తి దవాఖానకు రా. పాప చల్లబడ్డది."

"ఎట్ల? పొద్దుగాల బాగుండె గద?"

"రా నువ్వు. వచ్చినంక జెప్త."

దవాఖానలో పాపను ఆమె ఒంటి మీద నుంచి తీసుకుని లోపలికి పరుగెత్తారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. "ఇంత చలిల ఎక్కడ తిప్పిన్రమ్మా? చక్కెర పడిపోయింది, ఒళ్లు మొత్తం చల్లబడ్డది" అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా తలుపు వేసుకుంది. సుహాసిని వరండా గోడకు ఆనుకుని నిలబడింది. భాగ్యమ్మ నేల మీద కూలబడింది. సుభద్రమ్మ ఎవరి పక్కనా కూర్చోలేక మెట్ల దగ్గర నిలబడిపోయింది. ఆమె చీరకు ఇంకా తవుడు అంటుకునే ఉంది.

మహిపాల్ వచ్చాడు. చేతులకు గ్రీజు కూడా కడుక్కోలేదు. వచ్చీరాగానే సుభద్రమ్మ చీర చూశాడు, తల్లిని చూశాడు. అతనికి అర్థమైపోయింది.

"చేసినవా?" అన్నాడు తల్లితో. "చేసినవా నువ్వు?"

భాగ్యమ్మ తలెత్తలేదు.

"అత్తమ్మను అనకు" అంది సుహాసిని. "నేనే చెయ్యమన్న. నేనే నీకు చెప్పొద్దన్న."

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె అతని కళ్లలోకి చూసింది. కొడతాడేమో అనిపించింది. కొడితే బాగుండునని కూడా అనిపించింది. అతను చెయ్యి ఎత్తాడు, ఆ చెయ్యి గోడను గుద్దింది. గ్రీజు మరక గోడకు అంటింది.

"నువ్వా?" అన్నాడు. "నువ్వు గూడనా?"

ఆమె ఏదో చెప్పబోయింది. కుట్ల దగ్గర మంట పుట్టింది. చూసుకుంటే చీర ముందుభాగం ఎర్రగా తడిసి ఉంది. పరుగులో కుట్లు తెగినట్టున్నాయి. గోడ జారిపోతున్నట్టు అనిపించింది, అంతే. ఎవరో పట్టుకున్నారు.

ఆమెను కాన్పుల వార్డుకు తీసుకుపోయాక, లోపలి నుంచి సిస్టర్ బయటకు వచ్చింది. "పాప జర తేరుకుంటున్నది. మిషన్ కింద వేడి పెట్టినం, గ్లూకోజు ఎక్కిచ్చినం. గంట ఆగి ఒంటి మీద పెట్టుకోవాలె. తల్లి లేవలేదు గద, తండ్రి రావాలె. అంగీ ఇప్పి, చేతులు మంచిగ కడుక్కొని రా అన్నా." తరువాత చీటీ మీద పెన్ను పెట్టి అడిగింది. "పేరేంది పాపది?"

మహిపాల్ గ్రీజు చేతులను ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పేరు పెట్టలేదా ఇంక? రాసుకోవాలె."

భాగ్యమ్మ నోరు తెరిచి, కొడుకును చూసి మూసుకుంది. మహిపాల్ తలుపు వైపు చూశాడు. ఆ తలుపు అవతల తన బిడ్డ ఉంది. పేరు లేకుండా ఉంది. ఎవరైనా పిలిస్తే తిరిగి చూడటానికి కూడా ఒక మాట లేదు దానికి.

"పెంటమ్మ" అన్నాడు.

తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు అతనే ఉలిక్కిపడ్డాడు. సిస్టర్ రాసుకుని లోపలికి పోయింది.

లోపల కుర్చీలో, చొక్కా లేకుండా, పాపను ఛాతీ మీద పెట్టుకుని కూర్చున్నాడు మహిపాల్. పైన దుప్పటి కప్పారు. పాప తల అతని గొంతు గుంటలో ఒదిగింది. కాసేపటికి పాప చెయ్యి ఒకటి కదిలి అతని ఛాతీ మీద వెంట్రుకలను పట్టుకుంది. నొప్పి పెట్టింది. కదలకుండా కూర్చున్నాడు.

సిస్టర్ భాగ్యమ్మను కూడా ఒక నిమిషం లోపలికి రానిచ్చింది. ఆమె కొడుకు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది, పరాయి ఇంట్లో నిలబడ్డట్టు.

"నన్ను పెట్టినప్పుడు గూడ చలికాలమేనా?" అని అడిగాడు అతను.

"ఎండకాలం బిడ్డా. పెంట కాలుతుండె. నీ వీపు కందిపోయింది. నువ్వు ఏడుస్తుంటె కొట్టం గుంజ పట్టుకొని నిలబడ్డ."

"ఎట్ల బుద్ధయింది నీకు?"

"నీ ముందలోళ్లకు మంచి పేర్లే పెట్టిన. రాముడు, లక్ష్మి... అన్ని దేవుళ్ల పేర్లే. ఒక్కరు నడవలే. నీకు పెంటయ్య అని పెట్టిన, నువ్వు నడిచినవు. నాకు గంతకన్న మంచి పేరు యాడుంటది?" ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు పేరు మార్చుకున్ననాడు నాకు నిద్ర రాలే. ఇప్పుడు ఎవడన్న వింటడేమో, ఈడ ఒకడు మిగిలిపోయిండని మతికొస్తదేమో అని. నువ్వు బండెక్కి రోడ్డు మీదికి పోయినప్పుడల్ల పెంటయ్య, పెంటయ్య అని నాలుగుసార్లు అనుకుంట. అందరు ఇనాలనే పెద్దగ పిలుస్త."

మహిపాల్ పాప మీది దుప్పటి సరిచేశాడు. "నలుగురిల నన్ను తక్కువ చేస్తున్నవనుకున్న" అన్నాడు. ఇంకాసేపటికి, "ఇప్పుడు ఆ సిస్టరమ్మ అడిగితె, నాకు గూడ భయమైంది" అన్నాడు.

పాప తేరుకుంది. చల్లబడటం వల్ల ఊపిరితిత్తులకు కొంచెం నెమ్ము పట్టిందని, మందులు పెట్టి కొన్ని రోజులు అక్కడే ఉంచారు. సుహాసినికి మళ్లీ కుట్లు వేశారు. లేవగలిగాక పొద్దంతా పాపను ఆమె, సాయంత్రాలు మహిపాల్ ఒంటి మీద పెట్టుకునేవాళ్లు. పాపను ఒకరి నుంచి ఒకరు అందుకునేటప్పుడు మొగుడూ పెళ్లాల మధ్య పాప గురించిన మాటలు తప్ప వేరే మాట ఉండేది కాదు.

ఒక సాయంత్రం పాపను అందుకుంటూ అతనే అన్నాడు. "చెప్పి చేస్తివి గాదు."

"చెప్తె వద్దంటివి."

"అంటుంటి." పాపను ఛాతీకి ఆనించుకున్నాడు. "అని నేను గూడ ఇంట్ల కూసొని పాప ఊపిరే సూసుకుంట ఉంటుంటి. లారీ ఎక్కడన్న పడనీ. ఆ పొద్దు నిన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోయిన. అండ్ల నా తప్పు గూడ ఉన్నది."

సుహాసినికి ఏడుపు వచ్చింది. దవాఖానకు వచ్చాక ఆమె ఏడవడం అదే మొదలు. అతను ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

ఇంటికి పంపే రోజు సిస్టర్ మళ్లీ అడిగింది. "జనన ధ్రువపత్రానికి పేరు చెప్పండి. ఈడ పెంటమ్మ అని ఉన్నది, అదే రాయిద్దమా?"

మహిపాల్ సుహాసినిని చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, తన వల్ల కాదన్నట్టు. భాగ్యమ్మే అంది. "పెంట మీద దొరికిచ్చుకున్నామె పెట్టాలె. మా దిక్కు గదే లెక్క."

సుభద్రమ్మ జొన్నరొట్టెల మూటతో తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు నుంచి ఆమె రోజూ వస్తూనే ఉంది గానీ, గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నాకెందుకక్కా?" అని వెనక్కి జరిగింది. "నా చేతుల్లనే గద పిల్ల చల్లబడ్డది."

"నీ చద్దరే గద పిల్ల మీద ఉన్నది" అంది సుహాసిని. "లోపలికి రా అత్తమ్మా. చెప్పు."

ఆమె వచ్చి పాపను చూసింది. చాలాసేపు చూసింది. ఎప్పుడో అనుకుని ఎవరికీ చెప్పని మాటను బయటకు తీస్తున్నట్టు మెల్లగా అంది.

"తుంగ."

"తుంగనా?" అన్నాడు మహిపాల్. "తుంగ గడ్డినా?"

"మా ఊరి పక్కన పారేది తుంగభద్ర. మా దిక్కు ఆడపిల్లలకు తుంగమ్మ అని పెట్టుకుంటరు. గడ్డి గూడ తుంగనే, కాదన. పల్లి చేన్ల ఎన్నిసార్లు పీకినమో మీ అమ్మకు ఎరుకే. పైకి పీకుతం, లోపల గడ్డ ఉండనే ఉంటది. వాన పడితె మల్ల మొలుస్తది. ఎవ్వరికి సాతనయితది దాన్ని తీసేయ?"

భాగ్యమ్మ ఆలోచించింది. "గడ్డి పేరే గద" అంది. "ఎవని కన్ను పడదు. మంచిగున్నది."

తుంగమంటే ఎత్తైనది అని సుహాసినికి తెలుసు. బడిలో అయితే వెంటనే చెప్పేది. ఇప్పుడు ఆ మాట పైకి అనలేదు. అంటే ఆ పేరు మరీ గొప్పదైపోతుందేమోనని భయం వేసింది.

"ధ్రువపత్రం మీద తుంగభద్ర అని రాయమ్మా" అన్నాడు మహిపాల్ సిస్టర్‌తో. "ఇంట్ల తుంగ."

తుంగ ఆ చలికాలం దాటింది. ఎండలు ముదిరేనాటికి బుగ్గలు వచ్చాయి. మధ్యలో ఒకసారి జలుబు చేసి ఒళ్లు కాలితే, సుహాసిని మందు పోసి, తెల్లవారేదాకా పాప పాదాల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. భయం ఆమెను వదల్లేదు. భాగ్యమ్మ మనవరాలు తుమ్మినప్పుడల్లా గబుక్కున "పెంటమ్మ, పెంటమ్మ" అంటుంది. మహిపాల్ విననట్టు ఊరుకుంటాడు. పెళ్లికో తొట్టెలకో పోయేటప్పుడు మాత్రం, అక్కడ నలుగురిలో ఆ పేరు ఎత్తొద్దని తల్లిని బతిమాలతాడు.

పాప పొద్దంతా ఉండేది సుభద్రమ్మ దగ్గరే. చేనుకు పోయినప్పుడు కూడా చీరతో ఒంటికి కట్టుకుని పోతుంది. ఈమధ్య ఊళ్లో ఎవరింట్లోనో తొట్టెల వేస్తే, ఆమెను కూడా పిలిచారు. ఆమె తుంగను ఎత్తుకుని ముందు వరసలో కూర్చుంది.

సాయంత్రం షెడ్డు నుంచి వచ్చిన మహిపాల్ బండి ఆపీ ఆపకముందే కేక వేస్తాడు. "తుంగా!"

వాడకట్టంతా వినిపించేలా వేస్తాడు. సందు అవతల నుంచి సుభద్రమ్మ జవాబు చెబుతుంది. "ఈడనే ఉన్నది. రా, తీస్కపో."